పూల విమానం, అత్తగారి ప్రార్థన

ఆదివారం ఉదయం కృపాకర్ తలపెట్టిన పని చిన్నదే. కంచరపాలెంలో తన ఇంటి పక్కనే కట్టిన కొత్త చర్చి మీద పది గంటలకు బంతిపూల రేకులు కురిపించాలి. అందుకోసం ఆటోనగర్‌లోని తన లేతు షెడ్డులో ఒక బుల్లి విమానం చేశాడు. అందులో మనిషి ఉండడు. ఎక్కడున్నదీ ఉపగ్రహాలు చెబుతుంటే తన దారి తనే చూసుకుంటుంది. పద్మనాభం ఊరి పొలాల్లో ఎనిమిదిసార్లు ఎగరేస్తే, ఎనిమిదిసార్లూ పరిచిన తువ్వాలు మీదే పూలు పోసింది.

వాళ్ళింట్లోనే ఉండే అత్తగారు కృపావతమ్మ తొమ్మిదేళ్లుగా అతన్ని "మా బోల్టుల అల్లుడు" అని పరిచయం చేస్తోంది. ఆ పేరు ఈ రోజుతో వదలాలి. ఆవిడ మాత్రం, ఇంట్లో మనుషులున్నారని దొంగలు అనుకోవాలని టీవీ వాగేట్టు వదిలేసి, తాళం వేసుకుని చర్చికి వచ్చింది.

"ఎల్లింది బావా!" అన్నాడు స్నేహితుడు గవర్రాజు.

విమానం శిఖరం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. తర్వాత ఏమనుకుందో, వీధి దాటి గురువమ్మ కొట్టు మీద పూలన్నీ గుమ్మరించింది.

"ఎవుడ్రా అది? నా ఎండుసేపలకి పెళ్ళేటి సేత్తన్నారా?" అని గురువమ్మ గంపతో సహా పరుగెత్తుకొచ్చింది. వెనకే విమానమూ వచ్చింది, తలల ఎత్తున. కళ్ళు మూసుకుని, చేతులు చాచి పూల కోసం చూస్తున్న పాస్టరుగారి చెవి పక్కనుంచి దూసుకుపోయింది. జనం కుర్చీలు నెత్తిన పెట్టుకున్నారు.

"ఆపు బావా, ఎవులికేనా తగుల్తాది!"

"ఎలాగాపేది? దానికి దారి తెలుసు గదాని రిమోట్ ఎట్టనేదు!" ఉన్న చోటును ఉపగ్రహాలనే అడిగి చూపించే జీపీఎస్ పెట్టె కృపాకర్ చేతిలో ఉంది. దాన్ని చూశాడు. "ఇదేటి, మనం సముద్రంలో ఉన్నామంటంది!"

"బోల్టులు బిగించుకోమంటే ఇన్నాడా!" అని కృపావతమ్మ కొంగు నెత్తిన కప్పుకుని, ప్రార్థన చేసుకోడానికి ఇంట్లోకి పరుగెత్తింది.

నిమిషంలో విమానం సర్దుకుంది. బుద్ధిగా చుట్టు తిరిగి పాస్టరుగారి పాదాల దగ్గర గొర్రెపిల్లలా వాలింది.

"అమ్మగారి ప్రార్థన! హల్లెలూయ!" అని సంఘమంతా ఆవిడ గుమ్మం ముందు వరస కట్టింది. అందరికంటే ముందు, గంపతో, గురువమ్మ.

కృపాకర్ పెరటి దారిన లోపలికి వెళ్ళాడు. పొద్దుటినుంచి వాగుతున్న టీవీ ఆగిపోయి ఉంది. "గ్రేసీ, టీవీ ఎవులు కట్టేసినారు?"

"అమ్మే. సినిమా పాటలొత్తంటే పార్దనెలా సేత్తాది?" అంది భార్య.

టీవీ పెట్టి చూశాడు. జీపీఎస్ పెట్టె సముద్రంలో పడింది. కట్టేశాడు. ఇంటికి వచ్చింది. అత్తగారికి బొమ్మ మసకగా ఉందంటే, పోయిన నెల యాంటెనా బూస్టరు విప్పి బలం పెంచింది తనే. టీవీ పెడితే అదీ పనిచేస్తుంది. దాని రొదలో ఉపగ్రహాల గుసగుసలు ఎవరికి వినపడతాయి? బయట వరస పెరుగుతోంది. కృపాకర్ వెళ్ళి ఆ వరస చివర నిలబడ్డాడు.

క్రిస్మస్‌కి మళ్ళీ విమానం తీశాడు. "అత్తయ్యా, ఎల్లి ఒక్క పార్దన సెయ్యండి. ముందు టీవీ కట్టేయండి."

ఆ రెండో మాటకు ఆవిడ కళ్ళు చెమర్చాయి. ఆనాటినుంచి అతన్ని "మా భక్తిపరుడైన అల్లుడు" అని పరిచయం చేస్తోంది.