దొల్గోరమ్మ దొడ్డిలో దొరికిన ఒంటె

ఈ భూమ్మీద లెక్కకు అందని ప్రాణి లేదన్నది మా గోబీ పశుగణన శాఖ ఘనమైన నమ్మకం. చచ్చి కోట్ల ఏళ్ళయినా సరే, శాఖ దృష్టిలో అది హాజరుకు కాస్త ఆలస్యమైన పశువే.

ఆకురాలు కాలంలో గాలి కొట్టిన కొట్టుడికి ఇసుక లేచిపోయి, దొల్గోరమ్మ చలికాలపు దొడ్డిలో రాక్షసబల్లి అస్థిపంజరం తేలింది. (మా లోయలో ఎముకలు వింత కాదు, ఎముకలు లేని చోటే వింత.) ఏళ్ళ తరబడి పేరుకుని, పశువులకు వెచ్చదనమిచ్చే ఎండుపేడ పరుపు ఆ దొడ్డిలోనే ఉంది. మంచు పడేలోగా మేకల్ని దాని మీదికి చేర్చకపోతే బతకవు.

గణనాధికారి జంబల్ "కుక్కను పట్టుకో అక్కా!" అని కేకేస్తూ మోటార్ సైకిల్ దిగాడు. పాల టీ తాగి ఫోన్ తీశాడు.

"యాప్‌లో అయిదు రకాలే ఉన్నాయక్కా. గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక. ఇది దేని కిందికొస్తుంది?"

"నా కొంప కిందికొచ్చింది తమ్ముడూ!"

"మెడ పొడుగ్గా ఉంది. ఒంటె అని నొక్కుతున్నా."

"మూపురం ఏదయ్యా?"

"బాగా చిక్కిపోతే మూపురం జారిపోదూ? నీకు నేను చెప్పాలా!"

చెవికి గంటు లేదు. (చెవే లేదు.) తొడ మీద సొంతదారు ముద్ర లేదు. కాబట్టి తప్పిపోయి వచ్చిన ఒంటె. దారితప్పి వచ్చిన పశువును తరమకుండా, సొంతదారు వచ్చేదాకా చోటిచ్చి కాపాడటం మా ఆచారం. ఆచారాన్ని గౌరవించి శాఖవారు దొడ్డిని దానికే కేటాయించారు. దొల్గోరమ్మ గోడు గోబీ గాలిలో కలిసింది.

"సొంతదారు ఎప్పుడొస్తాడు?"

"రేడియోలో చెప్పించాం. ఎక్కడున్నా వస్తాడు."

"వాడూ దీని పక్కనే పడుకుని ఉంటాడు, తవ్వి చూడు!" అని, ఆకాశం వంక చూసి మెత్తబడింది. "సరే, ఆ ఒంటె నాదే. రాసుకో. ఇక మేకల్ని తోలుకోనా?"

జంబల్ మొహం వెలిగిపోయింది. "నీదేనా! ముందే చెప్పొద్దూ? అయితే మేకలు అసలు కుదరవక్కా. ఒంటె ఉన్న దొడ్డిలో మేకల్ని కట్టకూడదని కొత్త నిబంధన. తొక్కేస్తుంది."

ఆ వారమే మంచు పడింది. తానుండే గుడారంలో పట్టినన్ని మేకల్ని పట్టించి, దొల్గోరమ్మ వాటి మధ్యే ముడుచుకుని పడుకుంది.

వసంతంలో శాఖ ఆమెకు ఉత్తమ ఒంటెల కాపరి పతకం ప్రకటించింది. లోయ మొత్తంలో ఈ చలికి పిసరంత కూడా చిక్కిపోని పశువు ఆమె ఒంటె ఒక్కటేనట. సభకు దొల్గోరమ్మ రాలేకపోయింది. గుడారంలో పట్టని మేకల తోళ్ళు ఒలుస్తోంది.