పదకొండింటి ఫోను

ఆ ఉదయం టైలరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. పదింటికి కొత్త ఫోను కంపెనీ సేల్స్‌మన్ వస్తాడు, పదిన్నరకల్లా సంతకం, ఆపైన చొక్కాలకు కాజాలు. భార్య ఇంటి నుంచే కంప్యూటరులో లెక్కల పాఠాలు చెబుతుంది. పాత నెట్ పుణ్యమా అని రోజుకు పదిసార్లు తెర మీద ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతోంది. కంపెనీ మార్చక తప్పదు.

తల్లి మాత్రం ఒక్క షరతు పెట్టింది. "నంబరు మారకూడదురా. మా అక్కకి ఆ ఒక్క నంబరే వచ్చు."

ఆ అక్క వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. చూపు ఆనదు. వేళ్ళకు అలవాటైన ఆ నంబరునే రోజూ పదకొండింటికి నొక్కుతుంది. తన ఫోను మోగితే మాత్రం ఎత్తదు, ఏదో ఒకటి అమ్మేవాళ్ళే చేస్తారని. పాపం, ఆవిడ భయంలో తప్పేముంది?

సేల్స్‌మన్ మెడకు బిగిసిన కాలరుతో వచ్చాడు. "నంబరుకి నాది పూచీ అమ్మా. సార్, ఈ ఆఫరు ఇవాళ సాయంత్రం దాకే. టీవీ డబ్బా కూడా పెట్టేస్తున్నా. గుమ్మానికి కెమెరా? వద్దంటే మీ ఇష్టం, పక్కింటివాళ్ళు రెండు తీసుకున్నారు."

టైలరుకు ఎవరి కొలతైనా చూపుతోనే తెలుస్తుంది గానీ కాదనడం తెలియదు. సేల్స్‌మన్ చాచిన ట్యాబు తెర మీద వేలితో పదకొండు చోట్ల సంతకం గీశాడు.

మర్నాడు పాత లైను పోయింది. కొత్త ఫోను వచ్చింది, కొత్త నంబరుతో.

టైలరు కంపెనీకి ఫోను చేశాడు. "నంబరు పోయిందా సార్? అయితే మీకు ఫ్యామిలీ ప్లాను బెస్టు," అంది అటువైపు అమ్మాయి. మొహమాటానికి సరేనన్నాడు. రెండో ఫోను దిగింది. అది వద్దని చెప్పబోయి మూడోది తెచ్చుకున్నాడు. గురువారానికి ఇంట్లో మూడు ఫోన్లు, రెండు టీవీ డబ్బాలు, ఒక్క టీవీ.

"మీకో దండం, ఇంక ఫోను ముట్టుకోకండి," అంది భార్య.

తల్లి కొత్త ఫోనులోంచి అక్కకు చేసి చూసింది. ఎత్తలేదు. సరిగ్గా పదకొండింటికి చేస్తే ఎంగేజ్. పదకొండున్నరకీ ఎంగేజే. పన్నెండుకీ అంతే.

"నేను కాక అక్కకి ఇంకెవరున్నార్రా?" అంటూ ఆ మధ్యాహ్నం కంచం ముందు నుంచి సగంలో లేచిపోయింది. టైలరుకు ప్రాణం ఉసూరుమంది.

శనివారం పదిన్నరకు సేల్స్‌మన్ మళ్ళీ వచ్చాడు, ఈసారి మేనేజరును వెంటబెట్టుకుని. ఇద్దరి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, మీ నంబరు మీరు తీసేసుకోండి," అన్నాడు మేనేజరు. "పొరపాటున అది మా సేల్స్ ఆఫీసుకే పడింది. రోజూ పదకొండింటికి ఒక పెద్దావిడ చేస్తున్నారు. చెల్లి ఏదీ అంటారు. లేదని చెబితే, వచ్చేదాకా నీతో మాట్లాడతాలే అంటారు. గంటన్నర సేపండీ."

"పెట్టేయొచ్చుగా?" అంది టైలరు భార్య.

"కస్టమరు పెట్టేదాకా మేం పెట్టకూడదండి, మా రూలే. పైగా ఆఫీసంతా స్పీకరు చుట్టూ చేరుతోంది. నిన్న ఇద్దరమ్మాయిలు ఏడ్చారు. ఒకమ్మాయి ఉద్యోగం మానేసి చదువుకుంటానంటోంది. నన్నయితే, మీ అమ్మకి ఫోను చేసి ఎన్నాళ్ళయిందని అడిగారు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "చేశాలెండి."

తల్లి కళ్ళు తుడుచుకుంది. అక్క బాగానే ఉంది. రోజూ తన కోసమే చేస్తోంది. అది తెలిశాక ఆమెకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. గోడ గడియారం చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తీసుకుంటాం నాయనా. కానీ ఆ అదనపు ఫోన్లూ డబ్బాలూ మీరే పట్టుకుపోవాలి. మా కోడలి పాఠం మధ్యలో ఆగకూడదు. అంతా కాగితం మీద రాసివ్వాలి. మీ ఇష్టం మరి, ఈ ఆఫరు పదకొండింటి దాకే."

మేనేజరు గుమ్మం బయటికి పరుగెత్తి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. సేల్స్‌మన్ చెమటలు కక్కుతూ కాగితం రాస్తుంటే, టైలరు జాలిపడి అతని కాలరు గుండీ అరంగుళం జరిపి కుట్టిపెట్టాడు.

పదకొండయింది. ఫోను మోగింది. తల్లి ఎత్తి "అక్కా," అంది.

"వచ్చావా? ఎక్కడికెళ్ళావే ఇన్నాళ్ళూ?" అంది అక్క. "సరే గానీ, ఆ చదువుకుంటానన్న పిల్లని ఒకసారి పిలువు."

సోమవారం పొద్దున్నే ఆ పిల్లే సేల్స్ ఆఫీసు నుంచి ఫోను చేసింది. "ఏమీ అమ్మడానికి కాదండీ. ఆ పెద్దావిడ నంబరు కాస్త ఇస్తారా?"

"ఇస్తానమ్మా," అంది తల్లి. "కానీ ఆవిడ ఎత్తదు, మీవాళ్ళేమోనని."