చెల్లెలి డిస్కు లేనిదే లేవని కంప్యూటరు

మా చెల్లెలు సంచి సర్దుకుంటూ బట్టల మధ్య ఒక డిస్కు దోపుకుంది. "ఆసుపత్రికి అదెందుకే?" అన్నాను. "ఇక్కడుంటే నువ్వు గెలుకుతావక్కా" అంది. మర్నాటి నుంచి మా కంప్యూటరు లేవడం మానేసింది. పాఠకులారా, ఇంత సంస్కారం గల యంత్రాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు!

సంగతి చెబుతాను. మా పాత కంప్యూటరు కొన ఊపిరితో ఉండగా, అందులో ఉన్నదంతా చెల్లెలు ఒకే ఒక్క ఫైలుగా దించి ఆ డిస్కులో దాచింది. దాన్ని ఇమేజ్ అంటారట. ఆ ఫైలే అచ్చమైన డిస్కు అని కొత్త కంప్యూటరును నడిపించే లైనక్సును నమ్మించే ఏర్పాటు పేరు లూప్ డివైస్. చిక్కేమిటంటే, కంప్యూటరు ఆపి మళ్ళీ పెడితే ఆ బంధం తెగిపోతుంది. రోజూ పొద్దున్నే ఖాళీ ఫోల్డరు చూసి నేను లబోదిబోమనేదాన్ని. నా గోల పడలేక చెల్లెలు ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో రెండు వాక్యాలు రాసింది: ముందు ఈ డిస్కు తగిలించు, తర్వాత అందులోని ఇమేజ్ తెరువు. ఇక ముడి వీడదు.

అందుకే ఇప్పుడు మీట నొక్కగానే కంప్యూటరు ఆ డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూస్తుంది. రాకపోతే నల్లని తెర మీద 'ఎమర్జెన్సీ' అని రాసి కూర్చుంటుంది.

ఎమర్జెన్సీయే మరి! ఇంట్లో ఒకరు తక్కువైతే ఇంకేమంటారు? మనుషులకు ఈపాటి ఇంగితం ఉందా? నేను పనిచేసిన ఆఫీసులో టైపిస్టు పోతే, మూడోనాటికి ఆవిడ కుర్చీకి ఎవరిదో గొడుగు వేలాడుతోంది. ఈ గుణం బస్సులకు అబ్బితే ఎంత బాగుండును! రోజూ ఎక్కే ముసలాయన రాకపోతే బస్సు కదలదు. ఊరంతా స్తంభించిపోతుందంటారా? పోనివ్వండి.

కంప్యూటరు బాగుచేసే ఆయన వచ్చి చూశాడు.

"నోఫెయిల్ అని ఒక్క మాట చేరిస్తే చాలమ్మా. డిస్కు ఉంటే సరే, లేకపోతే దాని మానాన అది లేస్తుంది."

"లేకపోయినా లేస్తుందా?"

"దర్జాగా."

"అయితే వద్దు."

ఆయన తల గోక్కున్నాడు. "పోనీ, ఆ డిస్కు ఎక్కడుంది?"

"ఆ సంచిలో."

"సంచి ఇక్కడే ఉంది కదమ్మా."

"సంచి వచ్చింది."

ఆయన విప్పిన మూత బిగించి వెళ్ళిపోయాడు.

నా వ్యాసాలన్నీ ఆ కంప్యూటరులోనే చిక్కుకున్నాయి. వాటిని పుస్తకంగా వేస్తానన్న సంపాదకుడు "ఆ మాటేదో రాయించెయ్యండి, లేకపోతే పుస్తకం లేదు" అంటున్నాడు. చెల్లెలి కూతురు "పెద్దమ్మా, అమ్మ మంచం తీసేస్తే గదిలోకి వెలుతురొస్తుంది" అంటోంది. ఎవరిని కదిపినా నోఫెయిలే! పుస్తకం పోతే పోయింది. ఈ వ్యాసం చేత్తోనే రాసి పంపుతున్నాను.

నిజానికి నా ఫిర్యాదు వాళ్ళ మీద కాదు. నేను రోజూ తెల్లారేసరికి లేస్తున్నాను. పళ్ళు తోముకుంటున్నాను. వేళకు ఆకలి కూడా వేస్తోంది. నన్నడగకుండా నాలో ఆ మాట ఎవరు రాశారు?

మా చెల్లెలు ఇంటికి రాలేదు. మార్చి ఎనిమిదిన, మధ్యాహ్నం, ఆసుపత్రిలోనే పోయింది.