పది చొక్కాలు, రెండు క్లిప్పులు

శనివారం పొద్దున ఆరున్నరకు, పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ, ప్రొఫెసర్ ఆనందరావుగారు ఒక నిర్ణయానికి వచ్చారు. పది రోజులుగా జరగని పని, పదకొండు గంటలలోగా జరిగిపోయినట్టు చూపించాలి. క్యాంపస్‌లో ఇదేమీ కొత్త విద్య కాదు. తనిఖీ బృందం వస్తోందంటే మూడేళ్ళ హాజరు పట్టీలను మూడు రోజుల్లో, నాలుగు రకాల పెన్నులతో రాయించిన ఘనత ఆయనది. అంతటివాడికి పది రోజులొక లెక్కా?

పని కూడా మహా పెద్దదేమీ కాదు. మనవడు సన్నీకి నాలుగేళ్ళు నిండినా "అమ్మ", "తాత", "ఊహూ" తప్ప మాటల్లేవు. ఒక మాటకు ఇంకో మాట కలపడం అసలే లేదు. వేళ్ళలో పట్టు కూడా తక్కువ. తార్నాకలో మందుల షాపు మేడ మీద పిల్లలకు థెరపీ చేసే ప్రియాంక వాణ్ణి చూసి, ఒక కాయితం మీద మూడే మూడు వరసలు రాసిచ్చింది. వాడిచేత రోజూ చపాతీ పిండి పిసికించాలి. తీగ మీది బట్టలకు క్లిప్పులు పెట్టించాలి. వాణ్ణి ఏదైనా అడిగాక మనసులో పది లెక్కపెట్టాలి, అంతవరకు పెద్దవాళ్ళు నోరు మెదపకూడదు. గుర్తుకు రోజుకొక ఫోటో తీసిపెట్టమని నోటితో చెప్పింది.

ఆనందరావుగారికి ఒళ్ళు మండింది. పిల్లల భాషాభివృద్ధి మీద ముప్ఫయ్యేళ్ళుగా ఉపన్యాసాలు దంచుతున్న మనిషి చేతికి పిండి ముద్ద ఇస్తారా? "ఇది వైద్యమా, వంటింటి చాకిరీయా?" అని ఆ కాయితాన్ని ఫ్రిజ్‌కు అంటించి మళ్ళీ దాని మొహం చూడలేదు. కాలు విరిగిన చెల్లెలిని చూసుకోవడానికి భార్య కరుణమ్మ కాచిగూడ వెళ్ళింది. అల్లుడి ఉద్యోగం వైజాగ్‌లో. కూతురు జెస్సికా ఎనిమిదింటికే విద్యానగర్‌లోని బ్యాంకుకు పోతుంది. సెలవుల్లో ఇంట్లో ఉన్నది ఆయనొక్కరే. సాయంత్రం జెస్సికా "చేయించారా డాడీ?" అంటే, "భేషుగ్గా!" అనేవారు.

ఇక పది లెక్కపెట్టడం సంగతి చెప్పనే అక్కర్లేదు. "నీళ్ళు కావాలా నాన్నా? ఫ్రిజ్‌వా, కుండవా? కుండవే మంచివిలే, గొంతు పట్టదు" అని ప్రశ్నా జవాబూ తానే చెప్పేసుకుని గ్లాసు వాడి నోటికి పెట్టేవారు. పాపం, మాట కోసం తెరిచిన నోట్లోకి నీళ్ళు పోయేవి.

నిన్న సాయంత్రం జెస్సికా నెమ్మదిగా ఒక మాట చెప్పింది. "రేపు బ్యాంకుకు సెలవు. పొద్దున్నే తార్నాక వెళ్ళి, పదకొండింటికి ప్రియాంకగారిని తీసుకొస్తున్నా డాడీ. మార్పేమీ లేకపోతే నేనూ సన్నీ తార్నాకలో వేరే ఇల్లు చూసుకుంటాం. మీ మీద కోపంతో కాదు. ఈ ఇంట్లో వాడికి మాట్లాడటానికి సందు దొరకట్లేదు." ఆయన అలవాటు ప్రకారం అరగంట జవాబు చెప్పారు గాని, సన్నీ లేని ఇల్లు కళ్ళ ముందు మెదిలేసరికి నిజంగా భయపడ్డారు.

భయపడ్డ మనిషి పిండి కలపాలి. ఆనందరావుగారు రికార్డు తయారుచేయడానికి పూనుకున్నారు.

తొమ్మిదింటికి, థీసిస్ నాలుగో అధ్యాయం మీద సంతకం కోసం పీహెచ్‌డీ విద్యార్థిని విజయశ్రీ వచ్చింది. ఆరేళ్ళుగా వస్తూనే ఉంది.

"సంతకం తర్వాతమ్మా. ముందు నా ఫోను పట్టుకో. పది రోజుల ఫోటోలు తీయాలి."

"పది రోజులవి ఒక్క పొద్దుగాల ఎట్ల తీస్త సార్?"

"చొక్కా మారిస్తే రోజు మారినట్టే."

"ఫోన్ల తేదీ పడ్తది సార్."

"తేదీలు ఎవరు చూస్తారమ్మా? మన డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడైనా ఎవరైనా చూశారా?"

విజయశ్రీ ఫోను అందుకుంది. సన్నీకి ఎర్ర చొక్కా తొడిగి పిండి పళ్ళెం ముందు కూర్చోబెట్టారు. వాడు ముందు ఒక వేలు ముంచి చూశాడు. తర్వాత రెండు చేతులూ దించి, పిండిని పిడికిళ్ళతో గుద్దడం మొదలుపెట్టాడు.

"సార్, ఎనక గోడ గడియారం కనిపిస్తున్నది. పది రోజులూ తొమ్మిదింబావేనా?"

తెలివంటే అదీ! ఆనందరావుగారు స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పారు. అక్కణ్ణుంచి ఫోటోకొక చొక్కా, చొక్కాకొక ముద్ద, ముద్దకొక టైము. మూడో రోజుకు గోధుమపిండి అయిపోయింది. నాలుగో రోజు మైదాతో గడిచింది. ఐదో రోజుకు శనగపిండి దిగింది.

"చపాతీ పచ్చగున్నది సార్," అంది విజయశ్రీ.

"ఆదివారం అనుకో. స్పెషల్," అన్నారాయన.

ఆరో రోజుకు ఉతికిన చొక్కాలు నిండుకున్నాయి. పిండి అంటిన చొక్కాలను కుళాయి కింద జాడించి పెరట్లో ఆరేశారు. ఆరేశారు గనక క్లిప్పుల ఫోటోలు కూడా అక్కడే కానిచ్చారు. విజయశ్రీ ఫోను పట్టుకుంటే, తాత తీగ వంచి పట్టుకున్నారు, మనవడు రెండు చేతులతో నొక్కి క్లిప్పులు పెట్టాడు. మొదటి నాలుగూ జారిపడ్డాయి. ఐదోది నిలిచింది. తర్వాత వాడే పరుగెత్తి ఇంకోటి తెచ్చుకున్నాడు. ఇదంతా ఆనందరావుగారు గమనించలేదు. ఆయన దృష్టి రికార్డు మీద ఉంది. ఆరు నుంచి తొమ్మిది దాకా రోజులన్నీ అలాగే, తడిచొక్కాల నీళ్ళు పిండి తొడిగి గట్టెక్కించారు.

లోపల గడియారం ఏడూ ఇరవై చూపిస్తోంది. తాను తిప్పిన ముల్లేనన్న సంగతి మరిచిపోయి, ఇంకా బోలెడంత టైముందని ఆయన నిశ్చింతగా ఉన్నారు. పదో చొక్కా తీగ మీంచి తీయడానికి రెండు క్లిప్పులు విప్పారు. రెండు చేతుల్లోనూ చొక్కా ఉంది కాబట్టి, బట్టలారేసేవాళ్ళంతా చేసినట్టే ఆ క్లిప్పులను పళ్ళ మధ్య పట్టుకున్నారు. చొక్కాను సన్నీ ముందు చాచి, తొడుక్కుంటావా అన్నట్టు కనుబొమ్మలెగరేశారు.

పెరడు నిశ్శబ్దమైంది. ఆ ఇంట్లో అలాంటిది జరగడం అదే మొదలు. సన్నీ తాత నోటివంక చూశాడు. మాట వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు. చొక్కాను ముట్టుకుని చూశాడు. ఇంకా రాలేదు. పది అంకెలు పట్టేంత సేపు గడిచింది.

"తాతా, వద్దు. తడి."

ఆనందరావుగారు కదల్లేదు. నోరు తెరిస్తే ఆ మాట ఎక్కడ ఎగిరిపోతుందోనని క్లిప్పులను ఇంకా గట్టిగా కరిచిపట్టారు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"మూడు మాటలు! కలిపి చెప్పాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. తలుపు దగ్గర ప్రియాంక, పక్కన జెస్సికా. జెస్సికా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పదకొండు దాటి పది నిమిషాలైంది.

ప్రియాంక వంటింట్లోని పచ్చటి ముద్దలనూ తీగ మీది క్లిప్పులనూ చూసింది. "ఎక్సలెంట్ అంకుల్! పది రోజులూ ఎంత సిన్సియర్‌గా చేయించారో తెలుస్తోంది. ఆ నోట్లో క్లిప్పుల టెక్నిక్ అయితే సూపర్! ఇది నాకే తట్టలేదు."

మామూలుగానైతే ఆయన ఆ పొగడ్త మీద గంటసేపు మాట్లాడి ఉండేవారు. క్లిప్పులు చేతిలోకి తీసుకుని, "లేదమ్మా. ఒక్క రోజు కూడా చేయించలేదు. ఇదంతా ఇవాళ పొద్దుటి భాగోతం," అన్నారు.

"తెలుసు డాడీ," అంది జెస్సికా కళ్ళు తుడుచుకుంటూ. "పది రోజుల్లో సన్నీ చొక్కా మీద ఒక్క పిండి మరక చూడలేదు నేను. సరే, ఇల్లు వెతకడం వచ్చే నెల చూద్దాం."

ప్రియాంక ఫ్రిజ్ మీది కాయితం తీసి, కింద నాలుగో వరస చేర్చింది: రోజూ ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున తాతగారి నోట్లో రెండు క్లిప్పులు. క్లిప్పులు మళ్ళీ ఆయన నోట్లోకి వెళ్ళిన మరుక్షణం, నోరు ఖాళీగా లేని ఆ శుభముహూర్తంలో, విజయశ్రీ నాలుగో అధ్యాయం ముందుకు తోసి సంతకం చేయించుకుంది.

నాలుగో వరసకు కూడా రోజుకొక ఫోటో కావాలని, అందులో గడియారం కనిపించాలని, జెస్సికా ఎర్ర పెన్నుతో రాసి కింద రెండు గీతలు గీసింది.