అత్తగారి సవరం, ఏటి ఈగలు

ఆ శుక్రవారం పొద్దున రమణ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయడం, ఇడ్లీ తినడం, కిటికీ దగ్గర ఆరుతున్న మింట్ బిళ్ళల డబ్బాకు మూతపెట్టి జేబులో వేసుకోవడం, సింగపూర్ హౌగాంగ్‌లో రైలెక్కి సైన్స్ పార్క్‌లోని ఆఫీసుకు చేరడం. అంతే. అయినా తెల్లవారినప్పటి నుంచి అతని కాలు ఒకచోట నిలవలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళడం, డబ్బాలోకి ఊదడం, మళ్ళీ రావడం.

"ఊదితే ఆరవు, ఎగిరిపోతాయి. స్నానానికి వెళ్ళండి," అంది భార్య కల్పన.

డబ్బాలో ఉన్నవి ఈగలు. నిజం ఈగలు కావు. రమణ పై అధికారి డంకన్ స్కాట్లాండ్ మనిషి. అక్కడి చల్లని సెలయేళ్ళలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. అది నీటిమీద వాలిన ఈగల్ని తింటుంది. అందుకని గాలపు ముల్లుకు కోడి ఈక, జుట్టు, పట్టుదారం చుట్టి, జిగురు పూసి, అచ్చం ఈగలా కట్టి నీటిమీదికి విసురుతారు. డంకన్ తాత కట్టాడు, తండ్రి కట్టాడు, డంకన్ కట్టాడు. ఇప్పుడు వేళ్ళు వంగక మానేశాడు. భోజనాల వేళ పక్కన కూర్చున్న పాపానికి ఆ విద్య రమణకు అంటుకుంది.

ఈ రోజు డంకన్ రిటైరవుతున్నాడు. సాయంత్రం విమానంలో తన ఏటి దగ్గరకు వెళ్ళిపోతాడు. రమణ కట్టిన ఈగల్ని వెంట తీసుకెళ్తానన్నాడు. కానీ ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది. "బాగుందని నేనంటే చాలదు రమణా, చేప అనాలి." ఆ మాట అనే చేప సింగపూర్‌లో రమణకు దొరకలేదు. తను నేర్చింది విద్యో, ఉత్త వేళ్ళ దురదో తేలకుండానే గురువు వెళ్ళిపోతున్నాడు.

ఈకలకు ఇబ్బంది లేదు. బ్లాకు కింద తిరిగే కోడిపుంజు దయ తలచి రాలుస్తూనే ఉంటుంది. జుట్టు దగ్గరే చిక్కు వచ్చింది. సన్నగా, మెత్తగా, కొసలు ఎర్రగా ఉండాలి. అలాంటిది ఇంట్లో ఒకటే ఉంది. అనకాపల్లి నుంచి వచ్చిన అత్తగారు నూకాలమ్మ సవరం. దువ్వెనలో ఊడిన తన జుట్టునే ఏళ్ళ తరబడి పోగుచేసి ఆవిడ కట్టించుకున్నది. గోరింటాకు కూడా పెట్టింది. రమణ అందులోంచి చిటికెడు లాగాడు. అడగలేదు. సవరంలో చిటికెడు ఇమ్మని అత్తగారిని ఏ అల్లుడు అడుగుతాడు?

అతను స్నానాల గదిలోకి వెళ్ళగానే నూకాలమ్మ కిటికీ తెరవబోయి డబ్బా చూసింది. కోడి ఈకలు. ఎర్ర దారం. ఇనుప ముళ్ళు. ఆ ముళ్ళకు చుట్టి, గోరింటాకు రంగుతో సహా, తన జుట్టు.

ఆవిడ గబగబా గుమ్మం దాటి పక్క ఫ్లాటు గౌరమ్మను పిలిచింది. గౌరమ్మ మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ.

"ఏటిది గౌరమ్మా? సూడు."

"అయ్యయ్యో! ఇది సెయ్‌వినై, అక్కా, చేతబడి! మా కంపుంగ్‌లో, మా పల్లెలో, ఇట్లాంటిది ఒకరి వాకిట్లో పెట్టినారు. ఆ ఇంట్లో ఆవులన్నీ పాలు మానేసినాయి."

"చిల్లంగే. నానూ అదే అనుకున్నాను. ఎవుడో ఓర్వలేనోడు నా జుట్టుతోనే నా అల్లుణ్ణి కొట్టాలని సూత్తన్నాడు."

"కల్పనకు చెప్పు."

"సెప్పకూడదు. పారే నీళ్ళలో పడేసేదాకా నోరిప్పకూడదు, ఎనక్కి సూడకూడదు. మీ ఊళ్ళో పారే నీళ్ళెక్కడున్నాయి?"

"బ్లాకు వెనకాల పెద్ద లాంగ్‌కాంగ్ ఉంది కదా, ఆ కాలువ. రాత్రి వానకు బాగా పారతా ఉంది. కానీ చెత్త వేస్తే ఫైన్ వేస్తారక్కా!"

నూకాలమ్మ అప్పటికే నోరు మూసేసింది. డబ్బాను కొంగులో చుట్టుకుని లిఫ్టు ఎక్కింది.

రమణ బయటికి వచ్చేసరికి కిటికీ దగ్గర డబ్బా లేదు. పైన ఆఫీసు చొక్కా, కింద లుంగీతో వరండాలోకి పరుగెత్తాడు.

"ఆంటీ, నా డబ్బా చూశారా?"

గౌరమ్మకు తనూ మాట్లాడకూడదేమోనని అనుమానం వచ్చింది. రెండు పెదవులూ బిగించి, వేలితో కిందికి చూపించింది. కింద గడ్డి మీదుగా అత్తగారు చకచకా నడిచిపోతోంది.

"అత్తయ్యా! ఆగండి!"

ఆవిడ ఆగలేదు. వెనక్కి చూడలేదు. అడుగు ఇంకా పెంచింది.

రమణ, వెనకే కల్పన కిందికి దిగారు. చేతులూపుతూ వ్యాయామం చేస్తున్న చైనా పెద్దమనిషి ఒకాయన ఈ వరస చూశాడు. ముందు బిగుసుకుపోయిన మొహంతో కాలువవైపు పోతున్న ముసలావిడ, వెనక లుంగీ ఎగ్గట్టి అరుస్తున్న అల్లుడు. ఆయనకు ఒక్కటే అర్థమైంది.

"ఆంటీ! డోంట్ జంప్ లా!"

ఆ కేకకు నడిచేవాళ్ళు ఆగారు, కాఫీ తాగేవాళ్ళు లేచారు. నూకాలమ్మ రెయిలింగ్ మీదికి వంగగానే నలుగురూ ఆవిడ చేతులు పట్టుకున్నారు. ఆవిడ కళ్ళతో మొత్తుకుంది. తల అడ్డంగా ఊపింది. ఊపిన కొద్దీ వాళ్ళు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఒకావిడ వీపు నిమిరి, జీవితం చాలా అందమైనదని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది.

ఆ పెనుగులాటలో డబ్బా తెరుచుకుంది. ఈగలన్నీ కాలువలో పడ్డాయి.

"వదలండర్రా!" అని నూకాలమ్మ అప్పుడు నోరు తెరిచింది. "నా పనైపోయింది!"

రమణ రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశాడు. అతని ఈగలు మునగలేదు. నిలబడి తేలుతూ, వరసగా నీటి వాలుకు పోతున్నాయి. ఏడవాలో చూడాలో తెలియలేదు. ఆఫీసుకు ఆలస్యమని చెప్పడానికి పట్టుకున్న ఫోన్‌తో ఏం తోచక వీడియో తీశాడు. అప్పుడు నీళ్ళు చిన్నగా విచ్చుకున్నాయి. ఒక జిలేబీ చేప పైకి లేచి, టప్పున ఒక ఈగను అందుకుని లోపలికి పోయింది.

"తిన్నది!" అని అరిచాడు రమణ. "అత్తయ్యా, తిన్నది! కల్పనా, చేప నమ్మింది!"

నూకాలమ్మను పట్టుకున్న వాళ్ళలో ఇద్దరు ఆవిడను వదిలి రమణను పట్టుకున్నారు.

అందరికీ నచ్చచెప్పి ఫ్లాటుకు చేరేసరికి ఆలస్యం అయింది. డబ్బా ఖాళీ. చేతిలో వీడియో ఉంది, గురువుకు ఇవ్వడానికి ఈగ లేదు. రమణ సోఫాలో కూలబడ్డాడు. అప్పుడు కల్పన కంటికి తల్లి కొంగు చివర ఏదో వేలాడుతూ కనిపించింది. ఒకే ఒక్క ఈగ, ముల్లు జరీలో దిగి ఉంది.

"కత్తెర తెస్తానుండు."

"ఉప్పాడ చీరమ్మా! కావాలంటే నీ మొగుడి చొక్కా కత్తిరించుకో."

"పోనీ చీర మార్చుకో. చీరతో సహా ఆయన డంకన్ గారి దగ్గరికి పట్టుకెళ్తారు."

"నా జుట్టుని ఒంటరిగా ఎవుడి దగ్గరికీ పంపను. నానూ వత్తాను. ఈ చిల్లంగి పెట్టినోడి మొకం సూత్తాను."

అలా సైన్స్ పార్క్‌లో కేకు కోయబోతున్న వేళకు, కొంగు చివర ఈగతో నూకాలమ్మ డంకన్ ముందు నిలబడింది. డంకన్ కళ్ళద్దాలు సర్దుకుని, వంగని వేళ్ళతోనే, ఒక్క పోగు కూడా తెగకుండా ముల్లు తీశాడు. సొంత కోట్లలో దిగిన ముళ్ళను జీవితమంతా తీసిన అనుభవం. తర్వాత వీడియో చూశాడు. మళ్ళీ చూశాడు.

"చేప అనేసింది రమణా," అన్నాడు. "ఇంత మంచి జుట్టు మా నాన్నకు కూడా దొరకలేదు. ఏ జంతువుది?"

రమణ ఆ మాటను తెలుగులోకి మార్చకుండా మింగబోయాడు. కానీ నూకాలమ్మ అల్లుడి మొహం చూసింది, ఈగను చూసింది.

"అంటే ఈ చిల్లంగి కట్టినోడివి నువ్వేనా, బాబూ?"

"చేపల కోసం అత్తయ్యా. ఇది ఆయనకు ఇచ్చేస్తే... ఆయన ఈ రోజే వెళ్ళిపోతున్నారు. ఇదొక్కటే మిగిలింది."

ఆఫీసంతా కేకు వదిలి ఆవిడనే చూస్తోంది.

"ఇయ్యి. కానీ ఆయన్ని దాచుకోవద్దను. పారే నీళ్ళలోనే వెయ్యాల."

"ఆయన చేసే పని అదే అత్తయ్యా."

"వేసేటప్పుడు నోరిప్పకూడదని సెప్పు."

రమణ చెప్పాడు. డంకన్ ఎంతో గౌరవంగా తలవంచి, తమ ఏటి దగ్గర కూడా అదే నియమం అన్నాడు.

ఆ రోజు నుంచి నూకాలమ్మ చేపల పులుసు వండుతుంది కానీ తినదు, ఏ చేప కడుపులో తన జుట్టుందో ఎవరు చూశారని.