ఎనిమిది చుట్ల గడ్డి

ఒక పెద్ద అడవిలో... ఎంత పెద్దదని మాత్రం అడక్కండి, నా స్కూటరు మీద వెళ్లి కొలిచే యోగం నాకు లేదు. అది నన్ను మోసిన దూరం కంటే నేను దాన్ని తోసిన దూరమే ఎక్కువ. ఇంధనం గురించి కథ చెప్పడానికి నాకున్న అర్హత కూడా అదొక్కటే. సరే, ఆ అడవిలో ఓండ్రయ్య అనే గాడిద ఉండేవాడు, బండి నడుపుకుంటూ బతికేవాడు.

తోలేదీ తనే, లాగేదీ తనే. ఇంజను తనే, ట్యాంకు తన పొట్టే. పొద్దున్నే ఒక గడ్డిమోపు పడితే సాయంత్రం దాకా ఆగకుండా నడిచేవాడు. దిగుడొస్తే ఆదా కోసం ఇంజను ఆపేసేవాడు. అంటే ప్రయాణికుల పక్కన తనూ ఎక్కి కూర్చునేవాడన్నమాట. కింద ముళ్లపొద ఎలాగూ ఉండేది, బండి ఆగడానికి.

అడవిలో గడ్డంతా ఒకే మైదానంలో పెరిగేది. దాని చుట్టూ కంచె కట్టి, గేటుకి యాభై అడుగుల్లో డిపో పెట్టారు. మోపు ధర ఒక ఉసిరికాయ. డిపో ఛైర్మన్ కామేశం అనే నక్క.

ఒకరోజు కామేశం సభలో లేచాడు.

"దొరా! పక్క అడవిలో మోపు ఐదు ఉసిరికాయలు. ఎందుకంటే వాళ్లకి గడ్డి దూరం నుంచి వస్తుంది. మనదేమో యాభై అడుగుల నుంచి వస్తుంది. నలుగురిలో చెప్పుకోడానికి సిగ్గుగా లేదూ?"

సింహం దొరకి నిజంగానే సిగ్గేసింది. "మరేం చేద్దామయ్యా?"

"మనమూ దూరం నుంచి తెప్పిద్దాం."

"దూరంలో గడ్డి లేదు కదా?" అంది ఏనుగు, పాపం అమాయకంగా.

"గడ్డి లేకపోతేనేం, దూరం ఉందిగా!" అన్నాడు కామేశం.

తీర్మానం అయిపోయింది. గేటు దగ్గర బండికెత్తిన గడ్డి, పక్కనున్న కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగి డిపోకి రావాలి. ప్రతి చుట్టుకీ మోపు మీద ఒక ఉసిరికాయ పెరుగుతుంది. తిప్పే పని ఓండ్రయ్యది. చుట్టుకి రెండు మోపులు సరుకులోంచే తినొచ్చు. ఆ బండి మీద ప్రయాణికులు ఎక్కితే పర్మిట్ రద్దు.

మొదటి వారం ఒక చుట్టు. రెండో వారం మూడు. తిన్న గడ్డి కొండ చుట్టూనే కరిగిపోయేది. సొంత బండి నడపాలంటే ఓండ్రయ్య మళ్లీ డిపోలో కొనుక్కోవాలి. తను తిప్పిన దూరానికి తనే ధర చెల్లించేవాడు. చేసేది లేక బండి చార్జీ పెంచాడు.

బండి చార్జీ పెరగ్గానే అన్నీ పెరిగాయి. వడ్రంగిపిట్ట తొర్రకి రెట్టింపు అడిగింది. కోకిల పల్లవి పాడి ఆగిపోయి, చరణం కావాలంటే వేరే ఇవ్వాలంది. చింతచెట్టు మీద టీ అమ్మే కోతి బుల్లెబ్బాయి కూడా పెంచేశాడు.

"ఏరా బావా! నువ్వు చెట్టు దిగవు, నీ టీ చెట్టు దిగదు. నీకెందుకు పెరిగింది?" అని అడిగాడు ఓండ్రయ్య.

"అందరికీ పెరిగి నాకొక్కడికీ పెరక్కపోతే, నా టీలో ఏదో తేడా ఉందనుకోరూ?" అన్నాడు బుల్లెబ్బాయి.

వీళ్లందరి సంగతీ ఒక ఎత్తు, తాబేలు సీతాలమ్మ సంగతి ఒక ఎత్తు. కొండ వెనక ఏటి ఇసకలో ఆవిడ కూతురు గుడ్లు పెట్టింది. అమావాస్యకి పిల్లలు బయటికొస్తారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే నీళ్లలోకి పోతారు, ఇక కనపడరు. మొదటి మనవలు. ఒక్కసారి మొహాలు చూడాలని ఆవిడ ఆశ. నడిచి వెళ్తే ఆ పిల్లలకే మనవలు పుడతారు.

ఆవిడ ఇంటి నుంచి బండి దగ్గరికి ఇరవై అడుగులు. అంటే ఒక పూట. రెండు ఉసిరికాయలు పట్టుకుని వచ్చేసరికి చార్జీ మూడయ్యింది. వెనక్కెళ్లి మూడోది తెచ్చేసరికి ఐదయ్యింది. ఐదూ తెచ్చేసరికి ఏడు.

"అబ్బీ, నీ చార్జీ నాకంటే జోరుగా నడుస్తోందిరా," అంది సీతాలమ్మ, రొప్పుతూ.

"నాకంటే కూడా జోరుగానే నడుస్తోంది పిన్నీ," అన్నాడు ఓండ్రయ్య. "నా పొట్టలో నీళ్లు తప్ప ఏం లేవు."

మర్నాడే అమావాస్య. ఓండ్రయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పిన్నీ, రేపు గడ్డి బండి ఏటి పక్క నుంచే పోతుంది. నీ వీపు మీద నాలుగు పరకలు కప్పుతాను. మోపులా ఉండు. ఏటి దగ్గర దింపేస్తా."

"మోపు ఎలా ఉంటుందిరా?"

"ఏం చెయ్యదు."

"ఓస్, అది నాకు బాగా వచ్చు," అంది సీతాలమ్మ.

మర్నాడు పద్నాలుగు మోపులూ, సీతాలమ్మా బండెక్కారు. కదలబోతుంటే కామేశం వచ్చి సరిగ్గా సీతాలమ్మ మీద కూర్చున్నాడు.

"నువ్వు చుట్లు ఎగ్గొడుతున్నావని నాకు అనుమానం. ఇవాళ నేనే లెక్కపెడతా. ఎనిమిది చుట్లు!"

ఓండ్రయ్య బండి కదిపాడు. మొదటి చుట్టులో ఏరొచ్చింది, పోయింది. రెండో చుట్టులో వచ్చింది, పోయింది. చుట్టు చుట్టుకీ సీతాలమ్మ గడ్డిలోంచి ఒక కన్ను తెరిచి ఏటిని చూసి నిట్టూర్చేది.

"ఈ మోపు మెత్తగా లేదేమిటి?" అన్నాడు కామేశం.

"దూరం నుంచి వచ్చిన గడ్డి కదండీ," అన్నాడు ఓండ్రయ్య. "ఛైర్మన్ గారూ, మోపులు అయిపోతున్నాయి, చూసుకోండి."

"మోపులెందుకు చూస్తావయ్యా, ధర చూడు! ఆరు! ఇదిగో, ఏడు!" కామేశం ఆనందానికి అంతు లేదు.

ఏడో చుట్టుకి పద్నాలుగు మోపులూ అయిపోయాయి. ఎనిమిదో చుట్టు ఓండ్రయ్య రిజర్వులో లాగాడు. ఏటి దగ్గరికి వచ్చేసరికి రెండుసార్లు దగ్గి ఆగిపోయాడు. ఆ దగ్గు నాకు తెలుసు. నా స్కూటరూ అలాగే దగ్గుతుంది.

"ఏమైంది?"

"ఇంధనం అయిపోయిందండీ. తమరు కూర్చున్న మోపొక్కటే మిగిలింది."

"అయితే తిని తగలడు! ఊఁ, కానీ!" అంటూ కామేశం దిగాడు.

"అది తినలేనండీ."

"ఏం, ఎందుకని?"

"నడుస్తోందండీ."

నిజమే. ఆఖరి మోపు బండి వెనక నుంచి దభీమని ఇసకలో దొర్లి, నాలుగు కాళ్లూ బయటికి తీసి, ఏటి వైపు సాగిపోతోంది. అక్కడ ఇసక కదిలింది. ముందు ఒక బుల్లి తల, తర్వాత ఇంకోటి, తర్వాత లెక్కపెట్టలేనన్ని. వాళ్లు పుట్టగానే చూసింది ఒక గడ్డిమోపు ఏడవడం.

కామేశం బండంతా వెతికాడు, ఒక్క పరకా మిగల్లేదు. చుట్టు మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఖాళీ బండితో పాటు, కాళ్లలో సత్తువ లేని ఇంజన్ని కూడా ఎక్కించుకుని తనే లాగాల్సొచ్చింది.

"దిగుడొస్తే చెప్పండి సార్, తమరూ ఎక్కుదురుగాని," అన్నాడు ఓండ్రయ్య వెనక నుంచి.

డిపో దగ్గర క్యూలో ఉన్నవాళ్లంతా ఖాళీ బండి చూసి తెల్లబోయారు. కామేశం చెమట తుడుచుకుని బోర్డు మీద రాశాడు: "గడ్డి లేదు. ధర తొమ్మిది."

నీతి: త్వరగా చేరాల్సిన చోటుంటే ప్రయాణికుడిలా చార్జీ కూడబెట్టకండి, సరుకులా బండెక్కి కూర్చోండి.