ముందుకొకటి, వెనక్కి అయిదు

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యను తన పాత కారులో కూర్చోబెట్టుకోవాలి, బజారు మీదుగా డ్రైవింగు స్కూలుకి తీసుకెళ్ళాలి, అక్కడ నలుగురి ముందూ కారు తాళాలు ఆవిడ చేతిలో పెట్టాలి. పెట్టి, మెదలకుండా వెళ్ళి వెనక వరసలో కూర్చోవాలి. ఇందులో తప్పటానికేముంది అనుకున్నారాయన. తప్పేవన్నీ అలాగే మొదలవుతాయి.

ఆవిడ ఆ స్కూల్లో డ్రైవింగు నేర్పే టీచరు. ఆ రోజుతో ఉద్యోగం పూర్తి, పదిమందీ కలిసి సన్మానం పెట్టారు. ఊళ్ళో ఏ బండి ఆపి చూసినా డ్రైవరు సీట్లో ఉన్నది ఆవిడ శిష్యుడో శిష్యురాలో అయి ఉంటారు. అందరూ స్టీరింగమ్మ అంటారు. ఆవిడ చెయ్యి పైకెత్తి ఆగమంటే ఇప్పటికీ లారీలు కూడా ఆగుతాయి, పాత భయం అలాంటిది.

అయితే పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఊరందరి చేతా స్టీరింగు పట్టించిన మనిషిని డాక్టరుగారు తన కారు స్టీరింగు మాత్రం ముట్టుకోనివ్వలేదు. అది వాళ్ళ నాన్నగారి నాటి కారు. గుండ్రటి దీపాలు, బండెడు డిక్కీ, ఆయన మనసును బట్టి మారే రంగు. పగలంతా క్లినిక్కులో పళ్ళు పీకి, సాయంత్రం షెడ్డులో దూరి ఆ కారుకి ఏదో ఒకటి పీకుతూ పెడుతూ ఉండటం ఆయన వ్యసనం. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక్కసారి అడిగింది, "నేనోసారి నడుపుతానండీ" అని. "దీని క్లచ్చు తొక్కాలంటే ఏనుగు కాలుండాలి, నీ వల్ల కాదు" అన్నారీయన. ఆవిడ మళ్ళీ అడగలేదు. అడగలేదు కాబట్టి మర్చిపోయిందనుకోవటం మొగుళ్ళలో చాలామందికి ఉండే జబ్బు. డాక్టరుగారికీ ఉండేది.

ఆ జబ్బు ఒక ఆదివారం నాడు వదిలింది. పక్క గదిలో ఆవిడ చెల్లెలితో ఫోనులో మాట్లాడుతోంది. "రిటైరయ్యాక ఇంకేం నడుపుతానే! ఇంట్లో కారుంది గానీ అది నాది కాదుగా. ఎడమ మోకాలు కూడా మొరాయిస్తోంది. అందుకే మీ ఇంటికొచ్చి కొన్నాళ్ళుంటాను." ఆ 'కొన్నాళ్ళు' అన్న మాట డాక్టరుగారికి ముల్లులా దిగింది. దానికి అటూ ఇటూ గట్టు లేదు.

మర్నాటి నుంచీ ఆయన షెడ్డులోనే ఉన్నారు. మొండి క్లచ్చు తీసేసి వేలితో నొక్కినా దిగేది పెట్టారు. పాత గేర్‌బాక్సు తీసి అయిదు గేర్లది ఎక్కించారు. దానికి తగ్గట్టు వెనక ఇరుసు విప్పి, లోపలి పళ్ళ చక్రం కొత్తది బిగించారు. ఆవిడకు పాటలు ఇష్టమని డోర్లలో స్పీకర్లు, సీటు వెనక పెద్ద బేసు పెట్టె. వీటికి తోడు ఆడియో షాపువాడు మొహమాటపెట్టి, రివర్సు గేరు పడగానే డిక్కీ కింద నుంచి హెచ్చరించే మైకొకటి తగిలించాడు. ఇదంతా ఎవరికోసమో ఆయన చెప్పలేదు. చెప్తే సంబరమేముంది! ఆవిడకు కనపడింది మాత్రం, తన ఉద్యోగం చివరి రోజుల్లో కూడా ఇంట్లోకి రాకుండా కారు కిందే పడుకున్న మొగుడు. దాంతో మాటలు తగ్గించి 'ఊ'లతో సంసారం వెళ్ళదీసింది.

ముందురోజు కారును జాకీల మీద ఎత్తి చూస్తే చక్రాలు వెన్నలా తిరిగాయి. ఎటు తిరుగుతున్నాయో చూడాలని ఆయనకు తోచలేదు.

ఇప్పుడు షెడ్డులో కారు మొహం గోడ వైపు ఉంది. డాక్టరుగారు కూర్చుని, స్టార్టు చేసి, రివర్సు వేశారు. "వాహనం వెనక్కి వస్తోంది. దయచేసి తప్పుకోండి" అని డిక్కీ కింద నుంచి ఒక ఆడగొంతు ఖంగుమని పలికింది. కారు ముందుకి వెళ్ళి గోడను గుద్దింది. పై అరలో ఉన్న మేకుల డబ్బా బానెట్టు మీద బోర్లాపడింది.

"ఏమిటా చప్పుడు?" వరండాలోంచి ఆవిడ కేక.

"ఏం లేదు, కొత్త స్పీకర్లు చూస్తున్నా! బేసు బాగుంది!"

ఫస్టు గేరు వేశారు. కారు బుద్ధిగా వెనక్కి వచ్చి, గేటు దాటి సందులోకి మళ్ళి ఆగింది. ఇరుసులో ఏదో తిరగబడిందని ఆయనకు అర్థమైపోయింది. ఇప్పుడు ఆ కారుకి ముందుకి పోయే గేరు ఒక్కటి, అది రివర్సు. వెనక్కి పోయేవి అయిదు.

అప్పటికే ఆవిడ ఇస్త్రీ చీరలో, చేతిలో సూటుకేసుతో నిలబడి ఉంది. సూటుకేసు వెనక సీట్లో పెట్టి, ముందు వచ్చి కూర్చుంది. "సభ అవగానే అక్కణ్ణుంచే చెల్లాయి వాళ్ళింటికి వెళ్తాను" అంది. ఆ వారంలో అదే ఆవిడ పెద్ద మాట.

నిజం చెబితే? ఈ పనికిమాలిన కారు కోసమా ఇన్నాళ్ళు అని సూటుకేసు పట్టుకుని ఇప్పుడే ఆటో ఎక్కుతుంది. తాళాల మాట ఇక్కడే చెప్పేద్దామంటే, నడవని కారును బహుమతి అని ఏ మొహంతో ఇవ్వటం? ముందు నుయ్యి, వెనక గొయ్యి. దొంగకు తేలు కుట్టినట్టు డాక్టరుగారు కుక్కిన పేనై కూర్చున్నారు.

"ఏమిటలా మోకాళ్ళు గడ్డానికి ఆనించుకు కూర్చున్నారు?"

"నడుం పట్టేసింది."

ఉన్న ఒక్క గేరుతోనే నెమ్మదిగా పోదామని నిశ్చయించుకుని రివర్సు వేసి ముందుకు పోనిచ్చారు. సందు దాటి బజార్లోకి వచ్చేసరికి ఇంజను రోదిస్తోంది, పక్కన నడిచేవాళ్ళు కారును దాటిపోతున్నారు. డిక్కీ కింద ఆ గొంతు మాత్రం అలిసిపోకుండా "వాహనం వెనక్కి వస్తోంది, వెనక్కి వస్తోంది" అని ఊరంతా చాటుతోంది.

"ఎవరండీ ఆవిడ?"

"కొత్త ఆడియో సిస్టమ్. కాస్త జాగ్రత్త ఎక్కువ."

వెనక పాలవ్యాను డ్రైవరు ఆ ప్రకటన విన్నాడు. ముందు కారుకి రివర్సు లైట్లు వెలగటం చూశాడు. ఎదుటి బండి వెనక్కి వస్తుంటే చోటివ్వాలని స్టీరింగమ్మ దగ్గర నేర్చుకున్నవాడు కాబట్టి, వెంటనే తనూ వెనక్కి నడిపాడు. అతని వెనక నీళ్ళ ట్యాంకరు, దాని వెనక సిమెంటు లారీ, ఆ తర్వాత ఆటోలు. అందరూ ఆవిడ శిష్యులే, అందరూ చోటిచ్చారు. మిగిలినదంతా గొర్రెదాటు. బజారు బజారంతా వెనక్కి నడవటం చూసిన కూడలిలోని ట్రాఫిక్ కానిస్టేబులు, ముందెక్కడో రోడ్డు తెగిందని నిర్ధారించుకుని, ఈల ఊది నాలుగు వైపులా బళ్ళు ఆపేశాడు.

సరిగ్గా ఆ కూడలి మధ్యకి వచ్చాక కారు అడుగున కటుక్కుమంది. "వాహనం వెనక్కి వ" అంటూ ఆ గొంతు ఆగిపోయింది. లోపల స్పీకర్లలో తియ్యగా ఒక పాట మొదలైంది.

"ఏ గేరు పోయింది?" అంది ఆవిడ. చప్పుడును బట్టి రోగం చెప్పగల మనిషి.

"రివర్సు."

"పోతే పోయింది, మనం వెళ్ళేది ముందుకేగా. ఫస్టు వెయ్యండి."

వేశారు. కారు వెనక్కి వెళ్ళింది.

ఆవిడ గేరు రాడ్డు వంక చూసింది. "సెకండు వెయ్యండి."

కారు ఇంకాస్త హుషారుగా వెనక్కి వెళ్ళింది.

"అన్నీ ఇంతేనా?"

"అన్నీ ఇంతే."

ఆవిడ తిట్టి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేది. చల్లగా డోరు తీసి దిగి, వెనక డోరు తీసి సూటుకేసు మీద చెయ్యి వేసింది. డాక్టరుగారు గబుక్కున వెనక్కి తిరిగారు. "ఉండవే, స్కూలు ఇంకెంతో దూరం లేదు! కూడలి రౌండు చుట్టూ తిప్పి, వెనక్కే తీసుకుపోతాను!" అని, ఆవిడ సూటుకేసు మీంచి చెయ్యి తియ్యటం చూసి, అద్దంలోకి చూడకుండా కారును వెనక్కి తిప్పారు. కానిస్టేబులు నిలబడే గొడుగు స్తంభం ఒకవైపు వాలింది. తర్వాత వరసగా పెట్టిన ప్లాస్టిక్ శంకువులు ఒక్కొక్కటే కారు కిందికి వెళ్ళాయి. కానిస్టేబులు పరుగెత్తుకొచ్చి కోపంగా నోరు తెరిచి, ఆవిడను చూసి సెల్యూటు కొట్టాడు. "మేడమ్, మీరా! ఈ నడిపేవారు మన స్టూడెంటు మాత్రం కాదు కదా?"

భార్యగా ఆవిడ ఎంత కోపంలో ఉన్నా, అంత అధ్వాన్నమైన రివర్సును టీచరుగా చూస్తూ నిలబడలేకపోయింది. సూటుకేసు మాట మరిచి డ్రైవరు పక్కకి వచ్చింది.

"దిగండి."

"అది కాదే..."

"దిగమన్నాను."

ఆయన మోకాళ్ళు ఒకటొకటే విడదీసుకుని దిగారు. ఆవిడ కూర్చుని క్లచ్చు మీద కాలు పెట్టింది. కాలు సరిగ్గా అందింది. మోకాలు చప్పుడు చెయ్యకుండా, నొప్పి పెట్టకుండా పెడలు కిందికి దిగింది. ఆవిడ కాలు తీసి, మళ్ళీ తొక్కి చూసింది. సీటు జరుపుదామని కిందికి చెయ్యి పోనిస్తే సీటు కదల్లేదు.

"ఇది ఇంత ముందుకు ఉందేమిటండీ? మీరు దీంట్లో ఎలా పట్టారు?"

"పట్టలేదు. నీ కాలికి సరిపోయేట్టు కొలిచి బోల్టులు బిగించేశాను. ఇంక జరగదు." డాక్టరుగారు కిటికీ పట్టుకుని, హారన్ల మధ్య, నడిరోడ్డు మీద నిలబడి చెప్పేశారు. "ఆ క్లచ్చు నీ మోకాలి కోసం. పాటలు నీ కోసం. అంతా నీ కోసమే. ఇది నీది కాదని ఆవేళ చెల్లాయితో అన్నావు, నేను విన్నాను. అక్కడ నలుగురిలో తాళాలిచ్చి నీదేనని చెబుదామనుకున్నా. ఎప్పుడో ఇవ్వాల్సింది. నువ్వు అడిగినప్పుడే ఇవ్వాల్సింది."

ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అద్దంలో వెనక రోడ్డు కనపడదని ఆపుకుంది. "మరి ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పొచ్చుగా! షెడ్డు వైపు చూసి నేనెంత తిట్టుకున్నానో మీకేం తెలుసు" అంది. ఆ తర్వాత చాలా మెత్తగా, "ఎక్కండి. పక్కన" అంది.

ఆవిడ వెనక్కి చూడటానికి ఎడమ చెయ్యి ఆయన సీటు మీదుగా వేసింది. అది ఆయన భుజాన్ని తాకుతూ ఉండిపోయింది. కారు రౌండు చుట్టూ గీత గీసినట్టు తిరిగి, డిక్కీ ముందుగా స్కూలు రోడ్డెక్కింది. ఎదురుగా ఆగిపోయిన బళ్ళను తనను దాటి పొమ్మని ఆవిడ కారు ఒక్క క్షణం ఆపి, కుడి చెయ్యి బయటపెట్టి ఊపింది. మొహాలు తమ వైపే ఉంచి వెనక్కి పోయే కారులోంచి స్టీరింగమ్మ చెయ్యి ఊపుతుంటే, శిష్యులు అందులో రమ్మని పిలుపు చూశారు. పాలవ్యాను కదిలింది. నీళ్ళ ట్యాంకరు కదిలింది. ఇరుకు రోడ్డులో ఓవర్‌టేకు చెయ్యరాదని నేర్పింది కూడా ఆవిడే కాబట్టి ఒక్కరూ దాటలేదు. కానిస్టేబులు మోటారుసైకిలెక్కి ముందు దారి చేశాడు. డాక్టరుగారికి రోడ్డు కనిపించలేదు. ఆయన మొహానికి జానెడు దూరంలో ఆవిడ మొహం ఉంది, పాటకు పెదవులు కదుపుతోంది. ఇంత దగ్గరగా నోరు చూసి కూడా పళ్ళు లెక్కపెట్టకపోవటం ఆయన జీవితంలో అదే మొదలు.

స్కూలు దగ్గర నాలుగు కుర్చీలు, ఒక మైకు సిద్ధం చేసుకుని కూర్చున్న ఓనరు, ఊరిలో సగం బళ్ళు గేటు దగ్గరకు ఊరేగింపుగా రావటం చూసి లేచి నిలబడ్డాడు. ఆనక మైకులో ఆ ఏర్పాటంతా తనే చేయించినట్టు మాట్లాడాడు. చివర్లో బహుమతి ఇవ్వటానికి డాక్టరుగారిని పిలిచారు. ఆయన వేదికెక్కి జేబు తడుముకున్నారు. తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి. బిక్కమొహం వేసుకు నిలబడితే, ఆవిడే తాళాలు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పెట్టి, తన చెయ్యి చాచి నిలబడింది. ఆయన ఇచ్చారు. చప్పట్లు మోగాయి.

దిగుతూ ఆవిడ ఆయన చెవిలో అంది: "చెల్లాయి దగ్గరికి నేనే నడుపుకుంటూ వెళ్తాను. మీరూ వస్తున్నారు. ఆదివారానికి తిరిగొచ్చేద్దాం. ముందు ఇది ముందుకెళ్ళేట్టు చెయ్యండి."

ఆ పని కోసమే, తనకు ఇరుసు సామాన్లు అమ్మిన దుకాణదారుడు అక్కడే కనపడితే డాక్టరుగారు నిలదీశారు. "నువ్వు చెప్పినట్టే పళ్ళ చక్రం ఎడమవైపే పెట్టానయ్యా, మరి చక్రాలు తిరగబడి తిరుగుతున్నాయేం!"

"ఎవరి ఎడమండీ?"

"అదేం ప్రశ్న? కారు ఎడమ. క్లినిక్కులో ఎవరు కూర్చున్నా, వాళ్ళ ఎడమంటే నాకు కుడేగా. నేను ఇరుసుకి ఎదురుగా కూర్చున్నాను. అందుకని నా కుడి చేతి వైపు పెట్టాను."

దుకాణదారుడు వినయంగా అన్నాడు: "కానీ డాక్టరుగారూ, మీరు కూర్చున్నది దాని వెనకాల. దాని మొహం అటు కదండీ."

ఈ మాట చుట్టూ ఉన్న నలుగురి చెవినా పడింది. మర్నాటి నుంచి క్లినిక్కుకి వచ్చేవాళ్ళంతా, నొప్పి ఎటుందో అటు బుగ్గ మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని వస్తున్నారు.